ఒకే ఇంట్లో మూడు బడులు: తల్లిదండ్రుల లెక్క ఒకటి, పిల్లల లెక్క ఇంకొకటి

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే చాలు, ముస్లిం బస్తీల్లో గోడలన్నీ బ్యానర్లతో నిండిపోతాయి. ‘ఇంగ్లీష్ మీడియంతో పాటు దీనియాత్’ అని ఒక స్కూలు, ‘హిఫ్జ్‌తో పాటు పదో తరగతి’ అని ఇంకొకటి. మసీదు నోటీసు బోర్డు మీద మైనారిటీ గురుకులాల దరఖాస్తు కాగితం. సర్కారీ బడికి బ్యానర్ ఉండదు గానీ అక్కడి టీచర్లు బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరుగుతారు. జూన్ రెండో వారంలో బడులు తెరిచేలోగా ప్రతి ఇంట్లోనూ ఒక నిర్ణయం అయిపోవాలి.

ఈ నిర్ణయం గురించి జల్సాల్లో జరిగే చర్చ ఎప్పుడూ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఉర్దూ మీడియమా, ఇంగ్లీష్ మీడియమా? మదర్సానా, స్కూలా? ఇళ్లలో మాత్రం సంగతి అలా నడవదు. పిల్లలందరికీ ఒకే రకం చదువు ఎంచుకోని ఇళ్లు చాలానే ఉన్నాయి. పెద్దబ్బాయి ప్రైవేటు ఇంగ్లీష్ మీడియంలో, అమ్మాయి దగ్గర్లోని సర్కారీ బడిలోనో బాలికల గురుకులంలోనో, చిన్నవాడు హిఫ్జ్‌లో. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చునే పిల్లలు మూడు వేర్వేరు చదువుల్లో ఉంటారు. అంటే తల్లిదండ్రులు సిద్ధాంతం చూసి బడిని ఎంచుకోవడం లేదు, బిడ్డ బిడ్డకీ విడిగా లెక్క వేస్తున్నారు. ఆ లెక్క పెద్దల వైపు నుంచి ఒకలా ఉంటుంది, పిల్లల వైపు నుంచి ఇంకోలా ఉంటుంది. ఆ తేడా ఎక్కువగా బయటపడేది ఒక బడి నుంచి ఇంకో బడికి మారే చోట. ఐదు అయ్యాక, హిఫ్జ్ పూర్తయ్యాక, టెన్త్ పాసయ్యాక. మన చర్చల్లో ఈ మలుపుల ప్రస్తావనే రాదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. ముస్లిం పిల్లలంటే మదర్సా పిల్లలే అని బయటివాళ్లు అనుకుంటారు, మనవాళ్లలో కూడా కొందరు అలాగే మాట్లాడతారు. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలో చదివేవారు 3 నుంచి 4 శాతం మాత్రమే. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అంతగా గుర్తు పెట్టుకోలేదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడికే వెళ్లలేదు, లేదా మధ్యలో మానేశారు. మదర్సాలో ఉన్న నలుగురి గురించి ఇరవై ఏళ్లుగా వాదించుకుంటూ, ఎక్కడా లేని ఇరవై ఐదు మందిని వదిలేశామన్నమాట.

లెక్క మొదలయ్యేది డబ్బుతోనే

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి టూవీలర్ మెకానిక్, నెలకు 22 వేలు వస్తాయి. ముగ్గురు పిల్లలు. బస్తీలోని ఓ మామూలు ప్రైవేటు స్కూల్లో ఫీజు 24 వేలు అనుకుందాం. వ్యాన్‌కు నెలకు 900 చొప్పున పది నెలలకు 9 వేలు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కలిపి 6 వేలు. ఒక్క బిడ్డకు ఏడాదికి 39 వేలు. ముగ్గురికీ కలిపితే 1 లక్షా 17 వేలు. ఆ ఇంటి ఏడాది ఆదాయం 2 లక్షల 64 వేలు. అంటే వచ్చినదాంట్లో 44 శాతం స్కూలుకే పోవాలి. ఇంటి అద్దె, బియ్యం, మందులు అన్నీ మిగిలిన 56 శాతంలో సర్దుకోవాలి.

అది కుదరదు కాబట్టి ఒక్కరినే ప్రైవేటుకు పంపుతారు. ఆ ఒక్కరు ఎవరు? చాలా ఇళ్లలో మగపిల్లాడే. రేపు సంపాదించి ఇంట్లో పెట్టేవాడు వాడే కదా అన్నది అబ్బా లెక్క. అమ్మాయి పెళ్లయి వెళ్లిపోతుంది కాబట్టి దగ్గర్లో ఉన్న బడి చాలు. ఈ మాట ఎవరూ పైకి అనరు, ఫీజు రసీదు చూస్తే మాత్రం కనిపిస్తుంది.

ఇక్కడ రెండు తెలుగు రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ తల్లి ఖాతాలో డబ్బు వేస్తోంది. 2020 జనవరిలో అమ్మ ఒడిగా మొదలైంది, 2025 జూన్ నుంచి తల్లికి వందనం పేరుతో ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ లెక్కగట్టి ఇస్తున్నారు. ఒక్కొక్కరికి 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకు పోగా 13 వేలు చేతికి. ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తుంది. బియ్యం కార్డు, ఆదాయ పరిమితి, కరెంటు యూనిట్లు లాంటి షరతులన్నీ దాటిన ఇంటికి పైన చెప్పిన 39 వేల ఖర్చులో మూడో వంతు వచ్చినట్టే. తెలంగాణ డబ్బు బదులు బడులు పెట్టింది. 2016లో 71 మైనారిటీ గురుకులాలతో మొదలుపెట్టి తర్వాత 204కు తీసుకెళ్లింది. ఐదో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం, తిండి, బట్ట, పుస్తకాలు, మంచం అన్నీ ఉచితం. పైన చెప్పిన మెకానిక్ ఇంటికి ఒక బిడ్డ గురుకులంలో చేరితే 39 వేల ఖర్చు తప్పడమే కాదు, పూట పూటకూ ఒక కంచం ఖర్చు కూడా తగ్గుతుంది. అందుకే దానికి అంత డిమాండ్.

కేంద్రం మాత్రం చేయి వెనక్కి తీసుకుంది. మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆపేసింది. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిది వరకు చదువు ఉచితమే కదా అన్నది కారణం. చిన్న తరగతుల పిల్లలకు అందేది ఏడాదికి వెయ్యి రూపాయలే. వెయ్యితో ఏమవుతుందని నవ్వేవాళ్లు ఉన్నారు. ఒక జత యూనిఫాం అవుతుంది. అది కాకపోయినా, ఆ వెయ్యి కోసం బ్యాంకు ఖాతా తెరిచి, ఆదాయ ధ్రువపత్రం తీయించి, ప్రతి ఏడాదీ బడికి వెళ్లి సంతకం పెట్టే తల్లి ఆ బిడ్డ చదువు మీద ఒక కన్ను వేసి ఉంచేది.

ప్రైవేటు స్కూలు విషయంలో ఇంకో చిక్కుంది. చేరేటప్పుడు డొనేషన్ కట్టేశాం, రెండు టర్ములు కట్టేశాం, ఇప్పుడు తీసేస్తే డబ్బు పోయినట్టే అని అక్కడే ఉంచేస్తారు. బిడ్డకు ఏమీ రావడం లేదని తెలిసినా సరే. బీకాం మొదటి ఏడాది పిల్లాడిని అడిగినా చెప్తాడు, పోయిన డబ్బు తిరిగి రాదు, ముందుకు పెట్టబోయే డబ్బు గురించే ఆలోచించాలి అని. పైగా టీసీ ఇవ్వం, బాకీ కట్టండి అని బెదిరిస్తారు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలైతే ఆ భయం అక్కర్లేదు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారీ బడి చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ.

ఇంగ్లీష్ అంటే ఎవరికి ఏం వినిపిస్తుంది

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారీ బడులన్నిటినీ ఇంగ్లీష్ మీడియంలోకి మార్చాలని జీవోలు ఇచ్చింది. తెలుగు, ఉర్దూలు సబ్జెక్టులుగా మిగులుతాయంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. ప్రభుత్వం వెంటనే తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లీష్ మీడియమే అడిగారని చూపించింది. వలంటీర్లు ఇంటికొచ్చి కాగితం పెట్టి టిక్కు కొట్టించుకున్న సర్వే అది, దాని మీద అనుమానాలు ఉండొచ్చు. కానీ దిశ ఎటువైపో అందరికీ తెలిసిందే. తెలంగాణ కూడా 2022-23 నుంచి సర్కారీ బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టింది. అంతకు ముందే 2014 మే 6న కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ప్రాథమిక తరగతుల్లో మాతృభాషే ఉండాలని ప్రభుత్వం బలవంతం చేయకూడదు, ఏ మీడియం అన్నది తల్లిదండ్రుల ఇష్టమని.

తల్లిదండ్రులు ఇంగ్లీష్ అడిగేటప్పుడు నిజంగా అడిగేది భాషను కాదు. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు పక్కవాణ్ని బతిమాలకూడదు. డాక్టరు రాసింది చదవగలగాలి. గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్తే సైట్ దగ్గర కూలీగా కాక ఆఫీసులో కూర్చోవాలి. దుబాయ్, రియాద్‌ల నుంచి డబ్బు పంపే అబ్బాలకు ఇది బాగా తెలుసు, అక్కడ ఏ పనికి ఎంత జీతమో వాళ్లు కళ్లారా చూశారు.

పిల్లల వైపు నుంచి ఇదే సంగతి ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ఏడేళ్ల పాప రోజును తీసుకోండి. ఇంట్లో దక్కనీ ఉర్దూ. పొద్దున మక్తబ్‌లో అరబీ అక్షరాలు. బడిలో ఇంగ్లీష్ పుస్తకం. 2018 చట్టం ప్రకారం తెలంగాణలోని ప్రతి బడిలోనూ తెలుగు తప్పనిసరి, కాబట్టి తెలుగు వర్ణమాల కూడా. ఎనిమిదేళ్లు నిండకుండానే కుడి నుంచి ఎడమకు రెండు, ఎడమ నుంచి కుడికి రెండు. ఇవన్నీ నేర్చుకోలేరని కాదు, పిల్లలు నేర్చుకుంటారు. కానీ ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం రాయడం గట్టిపడక ముందే లెక్కలు, సైన్సు రాని భాషలో చెబితే బట్టీ పట్టడం తప్ప దారి ఉండదు. ఖురాన్ నాజిరా అర్థం తెలియకుండా చదివినట్టే సైన్సు పాఠం కూడా చదివేస్తారు. మొదటిదానికి సవాబు ఉంది, రెండోదానికి ఏముంది?

కోస్తాలో, గుంటూరు, ప్రకాశం వైపు కథ మళ్లీ వేరు. అక్కడ నూర్‌బాషా కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష తెలుగే. ముస్లిం కాబట్టి నీ మాతృభాష ఉర్దూ, నువ్వు ఉర్దూ బడికే వెళ్లాలి అంటే ఆ పిల్లలకు అది ఇంకో పరాయి భాష మీడియం పెట్టినట్టే. దీన్‌కూ ఉర్దూకూ ఉన్న బంధం పెద్దది, తఫ్సీర్, సీరత్ పుస్తకాల సంపద దానిలో ఉంది, కాదనలేం. దాన్ని సబ్జెక్టుగా నేర్పించడం వేరు, తెలుగులో కలలు కనే బిడ్డకు లెక్కలు ఉర్దూలో చెప్పడం వేరు. సమాజం పెద్దలు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు.

ఉర్దూలో పెద్ద చదువు కుదరదన్న మాట మాత్రం తప్పు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలోనే బోధించింది. ఇవాళ మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఉంది, దాని పాలిటెక్నిక్ కడపలోనూ ఉంది. నీట్ ఉర్దూలో రాయొచ్చు, తెలంగాణ ఎప్‌సెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీష్‌తో పాటు ఉర్దూలో తీసుకోవచ్చు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2022 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. పైన మెట్లు ఉన్నాయి, కింద మెట్లు ఉన్నాయి, మధ్యలో విరిగిపోయింది. టెన్త్ ఉర్దూ మీడియంలో పాసైన అమ్మాయి ఇంటర్‌లో బైపీసీ చదవాలంటే చాలా ఊళ్లలో ఇంగ్లీష్ మీడియమే గతి. ఒక్క వేసవిలో పదేళ్ల పదజాలం మారిపోవాలి. అక్కడ కింద పడినవాళ్లు ‘ఉర్దూ మీడియం కదా, అంతే’ అన్న మాట జీవితాంతం మోస్తారు.

దీనికి తోడు ఖాళీ పోస్టులు. ఉర్దూ మీడియం టీచర్ పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వ్ అయినవాటికి ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకరు. డీఎస్సీ వచ్చిన ప్రతిసారీ ఆ పోస్టులు మిగిలిపోతాయి, రిజర్వేషన్ ఎత్తేసి జనరల్‌లో నింపండి అని వినతిపత్రాలు ఇస్తారు, మళ్లీ తర్వాతి డీఎస్సీకి అదే కథ. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిచే బడికి ఏ తల్లి ధైర్యంగా పంపుతుంది? ఉర్దూ మీద ప్రేమ తగ్గి మానేశారని వాళ్లను నిందించడం అన్యాయం.

గురుకులం: అమ్మీకి భరోసా, బిడ్డకు బెంగ

అమ్మాయిల విషయంలో లెక్క డబ్బుతో ఆగదు. దారి, వ్యాన్ డ్రైవరు, హిజాబ్, సాయంత్రం ఎన్ని గంటలకు ఇంటికొస్తుంది అన్నవి ముందుకొస్తాయి. 2022లో కర్ణాటకలో హిజాబ్ గొడవ జరిగినప్పుడు మన రెండు రాష్ట్రాల్లో అలాంటి నిషేధం లేకపోయినా ఇక్కడి తల్లిదండ్రుల మనసులో ఒక ప్రశ్న పడింది. రేపు మన అమ్మాయిని గేటు దగ్గర ఆపితే? ఆ ఏడాది మార్చిలో హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది, అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు, తుది తీర్పు ఇంకా రాలేదు. బాలికలకు విడిగా ఉన్న మైనారిటీ గురుకులం చాలా ఇళ్లకు ధైర్యం ఇవ్వడానికి ఇదీ ఒక కారణం.

కానీ గురుకులంలో ఉండేది పదేళ్ల బిడ్డ. ఐదో తరగతిలో ఇల్లు వదిలి వెళ్తుంది. అమ్మీని చూడాలంటే నిర్ణయించిన ఆదివారం రావాలి. బోలెడన్ని గురుకులాలు అద్దె భవనాల్లోనే నడుస్తున్నాయి. 2024 అక్టోబరులో అద్దె బకాయిలు కట్టలేదని కొన్నిచోట్ల యజమానులు గురుకులాల గేట్లకు తాళాలు వేశారు. అదే ఏడాది తెలంగాణ వసతి గృహాల్లో, బడుల్లో కలుషిత ఆహారం ఘటనలు వరుసగా వార్తల్లోకి వచ్చాయి. తల్లిదండ్రులు గురుకులానికి మార్కులు వేసేది రిజల్ట్ చూసి, సెక్యూరిటీ చూసి. పిల్లలు వేసేది బాత్రూం తలుపుకు గొళ్లెం ఉందా, రాత్రి జ్వరం వస్తే లేపడానికి ఎవరైనా ఉన్నారా, అన్నంలో పురుగులు ఏరుకోవాలా అన్నదాన్ని బట్టి. దసరా సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లనని మారాం చేసే బిడ్డను బద్ధకమని తిట్టే ముందు, ఆ మూడు ప్రశ్నలు అడిగితే సగం జవాబు దొరుకుతుంది.

మరి సర్దుకుని ఉండిపోయినవాళ్లకు? అక్కడి నుంచి ఇంటర్ దాకా దారి తెగదు. ఎందుకంటే గురుకులాలను జూనియర్ కాలేజీలుగా పెంచారు. టెన్త్ తర్వాత ఊళ్లో కాలేజీ లేదు, ఇక చాలు అని చదువు ఆపించే సందర్భం రాదు. అమ్మాయిలకు ఇదే పెద్ద లాభం. అఖిల భారత ఉన్నత విద్య సర్వే ప్రకారం 2020-21లో దేశం మొత్తం మీద ఉన్నత విద్యలో ముస్లింలు 4.6 శాతమే, జనాభాలో మాత్రం 14 శాతం పైనే. కానీ ఆ కొద్దిమందిలో దాదాపు సగం అమ్మాయిలే. తక్కువ ఖర్చు పెట్టిన కూతురు కాలేజీ దాకా వెళ్తోంది, ఎక్కువ ఖర్చు పెట్టిన కొడుకు టెన్త్ తర్వాత మొబైల్ షాపులో కూర్చుంటున్నాడు. అన్ని ఇళ్లలో కాదు. కానీ ఫీజు ఎవరికి కట్టాలన్న పాత లెక్కను అబ్బాలు ఒకసారి తిరగేసి చూసుకోవడానికి ఇది చాలు.

హిఫ్జ్ తర్వాత ఏమిటి

ఇంట్లో ఒక్కరైనా హాఫిజ్ కావాలన్నది చాలామంది తల్లిదండ్రుల దువా. అందులో తప్పు పట్టాల్సింది లేదు. సాధారణంగా తొమ్మిది, పదేళ్లకు చేరతారు, మూడు నాలుగేళ్లు పడుతుంది. తలపాగా కట్టే రోజు ఊరంతా వస్తుంది, దావత్ జరుగుతుంది. మర్నాటి సంగతే ఎవరూ ఆలోచించరు.

ఆ మర్నాడు ఆ అబ్బాయికి పదమూడేళ్లు. ముప్పై పారాలు కంఠస్థం. భిన్నాల కూడిక రాదు, ఇంగ్లీష్‌లో పేరు తప్ప రాయలేడు. తోటివాళ్లు ఎనిమిదిలో ఉన్నారు. మళ్లీ ఐదో తరగతిలో పదేళ్లవాళ్ల పక్కన కూర్చోమంటే సిగ్గు. ఆలిమ్ కోర్సులో చేరితే ఇంకో ఏడెనిమిదేళ్లు. ఆసక్తి ఉన్నవాడు వెళ్తాడు, మంచిదే. ఆసక్తి లేనివాడు కూడా వేరే దారి లేక వెళ్తున్నాడు, లేదా చదువే మానేస్తున్నాడు. పిల్లల కోణంలో చూస్తే హిఫ్జ్ మీద ఫిర్యాదు ఉండదు. ఆ గౌరవం, ఆ ధారణ శక్తి వాళ్లకు నిజంగా ఇష్టం. ఫిర్యాదు తర్వాత వచ్చిన గోడ మీద.

ఆ గోడకు తలుపు ఉంది. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటినా బడిలో చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతావాళ్లతో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అలా చేరిన బిడ్డకు పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిది పూర్తయ్యేదాకా ఉచితంగానే చదువు చెప్పాలి. 2012 సవరణతో మదర్సాలు ఈ చట్టం పరిధిలోకి రావు, కానీ మదర్సా నుంచి బయటికొచ్చి సర్కారీ బడి తలుపు తట్టిన బిడ్డకు హక్కు పోలేదు. పన్నెండేళ్ల హాఫిజ్ ఏడో తరగతిలో సీటు అడగొచ్చు. హెడ్‌మాస్టర్ కుదరదంటే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. ప్రత్యేక శిక్షణ కాగితం మీద ఉన్నంత బాగా తరగతి గదిలో లేదన్నది నిజమే. అడిగేవాళ్లు లేకపోవడం కూడా దానికి ఒక కారణం.

ఇంకో దారి ఓపెన్ స్కూల్. పద్నాలుగేళ్లు నిండితే రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠంలోనో, జాతీయ సంస్థలోనో నేరుగా టెన్త్‌కు దరఖాస్తు చేయొచ్చు. ‘హిఫ్జ్‌తో పాటు పదో తరగతి’ బ్యానర్లలో చాలావరకు దీని మీదే నడుస్తాయి. పరీక్ష ఫీజు కట్టించి వదిలేసేవాళ్లు కొందరు, నిజంగా కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాళ్లు కొందరు. తేడా తెలుసుకోవడానికి ఒకే ఒక ప్రశ్న: లెక్కలు, ఇంగ్లీష్ చెప్పే టీచర్ ఎవరు, వారానికి ఎన్ని రోజులు వస్తారు? బీదర్‌లోని షాహీన్ సంస్థ హాఫిజ్‌లకు విడిగా పునాది తరగతులు పెట్టి, నెమ్మదిగా మామూలు తరగతుల్లోకి తెచ్చి, నీట్ దాకా తీసుకెళ్లి చూపించింది. కాబట్టి ఇది జరగని పని కాదు. ఆ మధ్యలో ఒకటి రెండేళ్ల ఓపిక, ఒక మంచి టీచర్ కావాలి. మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ కూడా మదర్సా విద్యార్థుల కోసం బ్రిడ్జ్ కోర్సులు నడుపుతోంది.

మన బడులు మన పేదలకేనా

ఇక సమాజం సొంతంగా నడిపే ఇంగ్లీష్ మీడియం, ఇస్లామిక్ స్కూళ్ల సంగతి. తల్లిదండ్రులకు ఇవి రెండు కోరికలనూ ఒకే చోట తీర్చే బడులు. జొహర్ నమాజు ఉంటుంది, కోడింగ్ కూడా ఉంటుంది. పిల్లలకు కూడా ఇక్కడ పేరు చూసి వింతగా అడిగేవాళ్లు ఉండరు, రోజా ఉన్నప్పుడు డ్రిల్లు నుంచి మినహాయింపు అడగక్కర్లేదు. చిక్కల్లా ఫీజే. పైన చెప్పిన మెకానిక్‌కు ఇవి అందుబాటులో ఉండవు.

చట్టం వైపు నుంచి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. మీడియం గురించి కర్ణాటక కేసు తీర్పు వచ్చిన 2014 మే 6నే సుప్రీంకోర్టు ప్రమతి కేసులో ఇంకో తీర్పు ఇచ్చింది, మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని. ఆర్టికల్ 30 ఇచ్చిన హక్కును కాపాడటం దాని ఉద్దేశం, అది అవసరమే. కానీ ఫలితం ఏమైంది? ప్రైవేటు బడి ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన మనవాళ్ల బడులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఈ కోటా అమలవుతోంది. దాని కింద ఒక పేద ముస్లిం బిడ్డ కార్పొరేట్ స్కూల్లో ఉచిత సీటు తెచ్చుకోవచ్చు, పక్క వీధిలోని ముస్లిం యాజమాన్యం స్కూల్లో మాత్రం ఫీజు కట్టాలి. చేరేటప్పుడు బిడ్డకూ తల్లిదండ్రులకూ ఇంటర్వ్యూ పెట్టడం, డొనేషన్ తీసుకోవడం ఈ చట్టం పదమూడో సెక్షన్ కింద నేరం. ఆ అడ్డు కూడా ఇక్కడ ఉండదు. మైనారిటీ హోదా హక్కుగా తీసుకుని, బాధ్యత దగ్గరికి వచ్చేసరికి వ్యాపారం అనడం కుదరదు. జకాత్, సదఖాలతో ఫీజులు మాఫీ చేసే యాజమాన్యాలు లేకపోలేదు. అవి యాజమాన్యం దయ మీద నడుస్తున్నాయి, అడిగి తెచ్చుకునే హక్కు మీద కాదు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం టెట్ కేసు వింటూ ప్రమతి తీర్పు సరైనదేనా అన్న అనుమానం వ్యక్తం చేసి, విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. మామూలు బడుల్లో ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలంది. మైనారిటీ బడుల టీచర్లకు అది వర్తించాలా లేదా అన్నది పెద్ద ధర్మాసనం తేల్చాక తెలుస్తుంది. ఆ తీర్పు ఎటు వచ్చినా యాజమాన్యాలు ఇప్పటి నుంచే చేసుకోగల పని ఒకటుంది. టీచర్ల అర్హతలు, ఏ తరగతికి ఎంత ఫీజు, ఎందరికి మాఫీ ఇచ్చారు అన్నవి నోటీసు బోర్డు మీద పెట్టడం. అడ్మిషన్‌కు వచ్చిన తల్లిదండ్రులు అడగాల్సింది కూడా అదే కాగితం. హిఫ్జ్‌లో చేర్పించేవాళ్లు ఇంకో రెండు కాగితాలు దగ్గర పెట్టుకోవాలి: పాత బడి నుంచి టీసీ, పుట్టిన తేదీ ధ్రువపత్రం. ఆధార్‌లో ‘ఎండీ’ అని, టీసీలో ‘మహమ్మద్’ అని ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవాలి. నాలుగేళ్ల తర్వాత ఓపెన్ టెన్త్ దరఖాస్తు దగ్గర ఆన్‌లైన్ ఫారం ముందుకు కదలకుండా ఆగిపోయేది తరచుగా అక్కడే.